పందొమ్మిదో నంబరు ఇంట్లో ఎవరుండేవారు?

"ఇక్కడ మాట్లాడే హక్కు మీకు లేదు" అన్నాడు బొగ్గు కంపెనీ లాయరు.

"చనిపోయినవాళ్ళ పేర్లు చదవడానికి కూడా హక్కు కావాలా?" అంది సంయుక్త. మాస్కు సర్దుకుని కాగితాలు తీసింది.

కోవిడ్ రెండో ఏడు. జర్మనీలోని ఆ ఊరి చర్చి ఆవరణలో కుర్చీలు దూరం దూరంగా వేశారు. కింద బొగ్గు ఉందని ఊరు ఊరంతా ఖాళీ చేయించేశారు. పందొమ్మిదో నంబరు ఇంట్లో ఎల్కె అనే ముసలామె ఒక్కతే కదలనని కూర్చుంది. ఊరిని కూల్చాలా వద్దా అని ఇవాళ ఆఖరి విచారణ. ఇదొక కూలీల గుడిసెల గుంపు, కాపాడుకోదగ్గ చరిత్రేమీ లేదని కంపెనీ వాదన.

ఆ ఊరి ఇళ్ళు సంయుక్తకు నంబర్లుగా ఎప్పుడో తెలుసు. మనుషులుగా తెలిసింది లాక్‌డౌన్‌లోనే. ఎల్కె మొండిపట్టు గురించి విన్నాక, ఆ ఇంట్లో పూర్వం ఎవరుండేవారో చూద్దామనిపించింది. ఆర్కైవ్ వెబ్‌సైట్లో మొదటి ప్రపంచ యుద్ధానికి ముందటి జనాభా లెక్కలు దొరికాయి. గొలుసుకట్టు పాత జర్మన్ రాత. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. పందొమ్మిదిలో మంత్రసాని కథరీనా. పక్కింట్లో కమ్మరి, చూపులేని అతని తల్లి. ఇంకో ఇంట్లో పోలండ్ నుంచి వచ్చిన పనిపిల్ల. ఇంటిపేరు రాయాల్సిన చోట ఖాళీ.

ఆ ఖాళీ ఆమెను నిద్రపోనివ్వలేదు.

"నీకేమన్న సమజైతుందా?" అన్నాడు భర్త సందీప్, పొద్దున ఆమె బయల్దేరుతుంటే. "నీ కొలువు చూసి ఇచ్చిన బ్లూ కార్డ్ వీసా మీదనే ఈ దేశంల ఉన్నం మనం. ఆ ముసలామె మనకు చుట్టమా?"

"చుట్టమైతేనే పేరు అడగాల్నా?" అని తలుపేసి వచ్చేసింది.

ఇప్పుడు గొంతు సవరించుకుని చదవడం మొదలుపెట్టింది. మొదటి ఇల్లు. రెండో ఇల్లు. పేరు, వయసు, వృత్తి. లాయరు రెండుసార్లు అడ్డుపడ్డాడు. ఆమె ఆగలేదు. మూడోసారి అతను లేచేసరికి వెనక వరసలో ఒకాయన లేచాడు.

"ఆ కమ్మరి మా ముత్తాత!" అని అరిచాడు.

ఇంకొకామె లేచింది. ఆ తర్వాత మరొకరు. డబ్బు పుచ్చుకుని ఎప్పుడో ఊరు వదిలేసినవాళ్ళు సైతం తమ ఇంటి వంతు రాగానే లేచి నిలబడ్డారు. పనిపిల్ల వంతు వచ్చింది. ఎవరూ లేవలేదు. ఎల్కె చేతికర్ర ఊతంగా మెల్లగా లేచి, ఆ పిల్ల కోసం నిలబడింది.

విచారణాధికారి ఆ కాగితాలు అడిగి తీసుకున్నాడు. ఈ రికార్డులు పరిశీలించేదాకా ఒక్క ఇటుక కూడా తీయరాదన్నాడు.

లాయరు విసురుగా సంయుక్త దగ్గరికి వచ్చాడు. "ఏం చేశారో తెలుస్తోందా మీకు?"

"బాగా తెలుసు."

ఎల్కె ఆమె చెయ్యి పట్టుకుంది. "మా ఊరిదానివి కాదు, మా దేశందానివి కాదు. మా కోసం ఇంత తెగింపు ఎందుకమ్మా?"

సంయుక్త, ఆ ఊళ్ళో ఏ ఇల్లు ముందు కూల్చాలో, ఏది తర్వాతో వరుస గీసిచ్చిన ఇంజనీరుగా బొగ్గు కంపెనీ తనకిచ్చిన ఐడీ కార్డును కోటు లోపల మెడలోంచి తీసి లాయరు చేతిలో పెట్టింది.