స్లైడు లాగే చెయ్యి

"పేలిన తూటాల ఖాళీ తొడుగులన్నీ కుడిపక్కకే ఎందుకు ఎగరాలి బాబూ? ఎడంచేతివాడి మొహం మొహం కాదా?" అంటూ ఓటిస్ చొక్కా కాలరు కిందికి లాగి, మెడ మీద కాలిన మచ్చ చూపించాడు.

చుట్టూ ఉన్నవాళ్లంతా గొల్లుమన్నారు. పిస్తోళ్ల కంపెనీ మనిషి కెండ్రిక్ కూడా నవ్వేశాడు. కొత్త మోడల్లో ఏమేం ఉండాలో కాల్చేవాళ్లనే అడిగి రమ్మని కంపెనీ అతన్ని వయోమింగ్‌లోని ఆ చిన్న ఊరికి పంపింది. ఎముకలు కొరికే గాలి. అయినా కాల్పుల మైదానంలో జనం బాగానే పోగయ్యారు. ఒకాయనకి గురి చుక్క పెద్దది కావాలి, కళ్లు ముసలివైపోయాయి. ఇంకొకాయన లావుపాటి వేలికి మీట చిక్కదు. "లావున్నది నా వేలు కాదయ్యా, మీ మీటే అగ్గిపుల్ల" అని దెబ్బలాటకి దిగాడు.

"నేను స్లైడు లాగక్కర్లేని పిస్తోలు కావాలి" అంది వెల్డా.

నవ్వులు ఆగిపోయాయి. పిస్తోలు మీదుండే ఆ ఉక్కు స్లైడును గట్టిగా వెనక్కి లాగి వదిలితేనే తూటా గొట్టంలోకి ఎక్కుతుంది. వెల్డా ఎడమచేతి మూడు వేళ్లు సరిగా ముడుచుకోవు.

"చేతికి ఏమైంది మేడం?" అడిగాడు కెండ్రిక్.

"పోయినేడు గుర్రం మీంచి పడింది" అని ఆమె నోరు తెరిచేలోపే చెప్పాడు భర్త గ్రేడీ. ఊళ్లో అతనంటే అందరికీ ఇష్టం. మంచు పడితే నలుగురి వాకిళ్లూ తనే ఊడ్చి పెట్టే మనిషి. మైదానానికి వచ్చినప్పుడల్లా భార్య పిస్తోలు స్లైడు తనే లాగి, తూటా ఎక్కించి చేతికిస్తాడు. ఆమె కాల్చగానే తిరిగి తీసుకుంటాడు.

కెండ్రిక్ పెట్టెలోంచి ఒక పిస్తోలు తీశాడు. "ఇలాంటిది ఒకటి చేసి చూశాం. ఈ మీట నొక్కితే గొట్టం వెనక కొస తలుపులా పైకి లేస్తుంది. తూటా అందులో జారవిడిచి మూసేయడమే, స్లైడు జోలికి పోనక్కర్లేదు. చిన్న తూటాలకి ఇలాంటివి ఉన్నాయి గానీ, మా కంపెనీలో పెద్ద తూటాకి చేసింది ఇదొక్కటే. కొనేవాళ్లు లేరని పైవాళ్లు పక్కన పెట్టేశారు."

"ఇది పిస్తోలా, పొడుం డబ్బీయా?" అన్నాడు ఓటిస్.

"పక్కన పెట్టడమే మంచిదిలే" అన్నాడు గ్రేడీ, వెల్డా భుజం మీద చెయ్యేసి. "మా ఆవిడకి నేనున్నాగా."

"నువ్వు లేనప్పుడో?" అడిగింది ఓటిస్ భార్య నేడీన్.

"నేనెక్కడికి పోతాను? ఈవిడ గడప దాటితే వెనకాలే నేనుంటాను."

"అదృష్టవంతురాలివే వెల్డా! మా ఆయనకి నేనున్నానో పోయానో కూడా తెలీదు" అని నేడీన్ నిట్టూర్చింది.

వెల్డా భర్త చెయ్యి తప్పించుకుని ముందుకు నడిచింది. "అది ఇటివ్వండి."

"ఉండు, నేను ఎక్కించి ఇస్తా" అంటూ గ్రేడీ చెయ్యి చాచాడు.

"ముట్టుకోకు."

కాల్చే గీత దగ్గర నిలబడి బొటనవేలితో మీట నొక్కింది. గొట్టం పైకి లేచింది. మొదటి తూటా వేళ్లలోంచి జారి కంకరలో పడింది. గ్రేడీ వంగబోతే, బూటు అడ్డం పెట్టింది.

"నేనే తీసుకుంటాను."

తీసింది. లాగుకి తుడిచింది. గొట్టంలో జారవిడిచి మూసింది. చలికి ఆమె చెంపలు ఎర్రగా కందిపోయాయి. కాల్చింది. దూరాన ఉక్కు పలక ఠంగుమంది. మళ్లీ తెరిచింది, నింపింది, కాల్చింది. మళ్లీ ఠంగుమంది.

"కొనేవాళ్లు లేరని మీ పైవాళ్లకి ఎవరు చెప్పారు?"

"వాకబు చేశాం మేడం. భార్యల తుపాకులు భర్తలే కొంటారని తేలింది..."

"అంటే భర్తల్నే అడిగారన్నమాట."

కెండ్రిక్ తల గోక్కున్నాడు. "మీరు కాల్చింది చూశాను. పైవాళ్లతో నేనే పోట్లాడతాను. వచ్చే వసంతానికల్లా దుకాణాల్లోకి రావచ్చు."

"వసంతం దాకా నేనాగను."

గొట్టం తెరిచి, ఖాళీగా ఉందని అందరికీ చూపించి, పిస్తోలు బల్ల మీద పెట్టేసింది. తిన్నగా నేడీన్ దగ్గరికి వెళ్లింది. "మీ ట్రక్కులో చోటుందా? కోడీ ఊళ్లో మా అక్క ఇంటి దగ్గర దింపెయ్యి."

"చలి ముదురుతోంది, ఇంటికి పద" అన్నాడు గ్రేడీ నవ్వుతూనే.

"రాను."

"ఈ బొమ్మ పిస్తోలుకే ఇంత అలకా?"

"అలకో ఏదో నువ్వే పేరు పెట్టుకో. అందరూ వినేలా చెప్తున్నా. రాను."

నేడీన్ ఆమె మొహంలోకి ఒకసారి చూసింది. వెళ్లి ట్రక్కు తలుపు తీసింది. చక్రాల కింద కంకర కరకరలాడింది. గ్రేడీ కదలకుండా నిలబడి, రోడ్డు మలుపు దాకా ట్రక్కునే చూశాడు.

"ఊరుకోరా గ్రేడీ, కోపం చల్లారితే తనే వస్తుంది" అని ఓటిస్ వీపు తట్టాడు.

"తూటా ఎక్కించి మరీ చేతికిచ్చే మొగుణ్ని ఇలా నలుగురిలో వదిలేసి పోతుందా? ఏం పొగరు!" అన్నారు వెనకనుంచి ఎవరో. తక్కినవాళ్లు అవునని తలలూపారు.

ఆ మూడు వేళ్లూ విరిచింది గ్రేడీయే.