అతనికి గుర్తుంటుంది

వీడియో గేమ్ ఆఖరి భాగంలో పడవవాడు మునిగిపోగానే అక్క కంట్రోలర్‌ను ఒళ్లో పడేసుకుంది.

"తప్పు నాదేరా. మొదటి భాగంలో అతనికి అబద్ధం చెప్పాను. అది మనసులో పెట్టుకునే ఇప్పుడు నా చెయ్యి అందుకోలేదు."

"అదేం కాదులే అక్కా," అన్నాడు ఆ ఆటకు కథ రాసిన తమ్ముడు.

"కాకపోవడమేంటి? 'ఇది అతనికి గుర్తుంటుంది' అని అప్పుడే తెర మీద పడిందిగా."

ఆ మాట రాసింది అతనే. నిజం చెప్పినా, అబద్ధం చెప్పినా పడవవాడు మునిగేలా రాసిందీ అతనే. రెండో ముగింపుకు గడువు చాలలేదు.

"అక్కా, అసలు సంగతేంటంటే..."

"ముందే చెప్పి ఆట పాడుచేయకు."

అక్క మళ్లీ మొదటి భాగం పెట్టి, ఈసారి నిజం చెప్పింది. తెర మీద అదే మాట వెలిగింది.

"చూశావా, గుర్తుపెట్టుకుంటాడట. ఇక బతికిస్తాను."