పడవ కింద కర్ర చప్పుడు

పడవ ఒడ్డున దిమ్మెల మీద ఉంది. కొత్త షాఫ్టు బిగించారు. నీళ్లలోకి దించే ముందు ఒకసారి తిప్పి చూడాలి.

మెకానిక్ పైన, షాఫ్టుని తిప్పే లివరు దగ్గర. అతని బామ్మర్ది కింద, షాఫ్టు చివర పంకా పక్కన. నీళ్లు లేనిచోట షాఫ్టు తిరిగితే లోపలి రబ్బరు కాలిపోతుంది. పైపుతో తడుపుతూ ఉండాలి.

“త్వరగా కానియ్ బావా. ఆలస్యమైతే అక్క నన్నేమీ అనదు. వడ్డన నీకే.”

“ముందు నోరు కట్టి పైపు విప్పరా.”

కర్ర ఊతంతో ముసలామె వచ్చింది.

అక్కడ ఏ పడవ ఇంజను పరీక్షించినా వస్తుంది. వంగి కిందికి చూస్తుంది. ఎవరూ లేరని తేలాక కర్రతో రెండుసార్లు పడవని కొడుతుంది. ఆ తర్వాతే లివరు తొయ్యాలంటుంది.

కొడుకు పంకాలో పడి చనిపోయాడని, అప్పట్నుంచి మతి చెడిందని చెప్పుకుంటారు.

“పరీక్ష చేసేది నువ్వా, ఆవిడా?” పడవ యజమాని నవ్వాడు.

మెకానిక్‌కి చురుక్కుమంది.

“వెళ్లమ్మా, పనికి అడ్డం.”

“ఒక్కసారి చూడనియ్ నాయనా.”

“కింద మావాడున్నాడు. వాడికి కళ్లున్నాయి.”

“కళ్లు మావాడికీ ఉండేవి.”

వాచ్‌మన్ ఆమెని గేటు బయటికి పంపేశాడు.

ఇంజను అందుకుంది. ఆ మోతలో మాట వినపడదు. పైనుంచి పంకా కనపడదు.

బామ్మర్ది పక్కకొచ్చి చెయ్యి ఊపాడు. మెకానిక్ లివరు వైపు తిరిగాడు.

అంతలో పైపు జారిందని, సర్దడానికి వాడు మళ్లీ వంగాడని తర్వాత తెలిసింది.

మెకానిక్ లివరు తోశాడు.

చొక్కా షాఫ్టుకి చుట్టుకుంది. ఇంజను ఆపేసరికే అంతా అయిపోయింది.

సాయంత్రానికి శవాన్ని తీసుకెళ్లారు. యజమాని, వాచ్‌మన్, మిగతావాళ్లు దూరంగా నిలబడ్డారు. మెకానిక్ దిమ్మె మీద కూర్చున్నాడు. ఇంటికి వెళ్లాలి. తలుపు తీసేది వాడి అక్క.

ముసలామె వచ్చి పక్కన కూర్చుంది. నేను చెప్పలేదా అనలేదు.

“మీ అబ్బాయీ ఇలాగేనా అమ్మా?”

“ఇలాగే.”

“ఆ రోజు లివరు తోసినవాణ్ణి ఏం చేశారు?”

ఆమె కర్రని ఒళ్లో పెట్టుకుంది.

“ఏం చేస్తారు నాయనా, కన్నతల్లినని వదిలేశారు.”