మీ జిప్‌కోడ్ చెప్పండి

“సెనేటర్ గారి ఆఫీసు. మీ జిప్‌కోడ్ చెప్పండి.”

ఈ మాట అనడానికి నా నోటికి ఇప్పుడు నా అవసరం లేదు.

“నేనేనమ్మాయ్, ఆర్లీన్‌ని. గుర్తుపట్టలేదా?”

గుర్తే. సెనేట్‌లో ఖర్చుల కోత బిల్లు మీద ఓటింగ్ అయ్యేదాకా రోజూ ఫోన్ చేసేది. మా ఊరి రేడియోకి డబ్బు ఆపొద్దు, ఆకలి దేశాలకి పంపే గోధుమలు ఆపొద్దు అని. నేను స్క్రీన్ మీద ‘వ్యతిరేకం’ అని నొక్కి ఫోన్ పెట్టేసేదాన్ని.

“మీ అభిప్రాయం సెనేటర్ గారికి తెలియజేస్తాను, మేడమ్.”

“ఇంకేం తెలియజేస్తావ్? మా గోధుమలు గోదాంలో పురుగు పట్టిపోతున్నాయి. రేడియో సోమవారం మూతపడింది. అంతా ఆయన దయ! నాకు నీతోనే పని.”

“నాతోనా?”

“మంచు తుఫాను వస్తోందా? ఇక్కడ ఇంటర్నెట్ లేదు, సెల్లుకి సిగ్నల్ రాదు. రేడియోనే చెప్పేది. మా ఆయన హార్లన్ దూడల్ని తోలుకొస్తానని ట్రక్కెక్కాడు. పిలిస్తే పలికే నంబరు నాకు నీదొక్కటే తెలుసు.”

ఆ జిప్‌కోడ్‌ని మొదటిసారి వాతావరణం మ్యాపులో కొట్టి చూశాను. పడమటి వైపంతా తెల్లగా ఉంది.

“గంటలో మీ మీదకొస్తుంది, ఆర్లీన్ గారూ. ఆయన్ని దించెయ్యండి!”

ఆమె ఫోన్ బల్ల మీద పడేసి తలుపు తీసింది.

“హార్లన్! దిగు! తుఫానొస్తోందట!”

“ఎవరు చెప్పారు?”

“సెనేటర్ ఆఫీసువాళ్ళు!”

దూరంగా నవ్వు వినిపించింది.

“వాళ్ళ మాట నమ్మమంటావా?”

ఇంజన్ స్టార్టయింది. ఆమె ఇంకా అరుస్తూనే ఉంది. ట్రక్కు చప్పుడు వినపడనంత దూరం వెళ్ళేదాకా విన్నాను.

పక్క లైన్ మోగింది.

“సెనేటర్ గారి ఆఫీసు,” అన్నాను.