వచ్చే నెలకల్లా హాస్టలు

హాస్టలు కట్టుబడి మళ్ళీ ఆగింది. ఈసారి ఇసకలో ఉప్పుందట.

కరుణాకుమారికి ఏడుపొచ్చినంత పనయింది. ఆమె కావలిలో పి.యు.సి. చేరిన రోజునే కాలేజీ వెనక ఆడపిల్లల హాస్టలుకు పునాదులు తవ్వడం మొదలుపెట్టారు. ఇప్పుడామె బి.ఏ. రెండో ఏడు. గోడలు ఇంకా ఆమె భుజం దాటలేదు.

ఆ హాస్టలు లేస్తే చాలు, అమ్మ నుంచి విడుదల.

అమ్మ మంచిదే. కానీ వదలదు. పొద్దున్నే బిట్రగుంటలో ఇద్దరూ కలిసి బండెక్కుతారు. కావలిలో కలిసి దిగుతారు. కాలేజీ గేటు కలిసే దాటుతారు. సాయంత్రం బండి వేళ దాకా అమ్మ కాలేజీలోనే ఉంటుంది. కరుణ నవ్వితే అమ్మకు వినబడుతుంది. పక్కకు తిరిగితే కనబడుతుంది. అమ్మ పేరు పరంజ్యోతి. పేరుకు తగ్గట్టే, ఆ వెలుగు పడని మూలంటూ లేదు.

ఆమె బోగోలు మిషన్ స్కూల్లో టీచరు. కూతురు కాలేజీలో చేరిన రోజు నుంచీ బడికి సెలవు పెట్టేసింది.

రైల్లో చేపల కామమ్మ బుట్ట పక్కకు జరిపి రోజూ అనేది. "ఏందమ్మే, ఇంత చదువు చదవతా ఇంకా అమ్మ కొంగు వదల్లేదా?"

వదలంది నేనా, అనుకునేది కరుణ. పైకి మాత్రం కిటికీలోంచి తాటిచెట్లు చూసేది.

తిరుగు ప్రయాణం మరీ కష్టం. బండి కదలగానే అమ్మ మొదలుపెట్టేది.

"పానిపట్టు రెండో యుద్ధంలో ఎవరు గెలిచినారు?"

"బాబరు."

"కాదు. సార్ అది చెప్పేటప్పుడు నువ్వు కిటికీ బయట గేదెను చూస్తా ఉండావు."

ఎదుటి బల్లమీది కామమ్మ పడీపడీ నవ్వేది.

అందుకే ఆదివారం మిషన్ గుడిలో అందరూ జబ్బు చేసినవాళ్ల కోసం ప్రార్థిస్తుంటే, కరుణ కంట్రాక్టరు కామాక్షయ్య సిమెంటు కోసం ప్రార్థించేది. హాస్టల్లో పడితే అమ్మ వెంటరాదు. ఆ ధైర్యం కరుణకుంది. నాన్న పేరు సమాధానం, లోకోషెడ్డులో ఫైర్‌మన్. ఇంజనుకు బొగ్గు వేయడం వచ్చుగానీ ఇంట్లో పొయ్యి వెలిగించడం రాదు. అలాంటి మనిషిని వదిలి అమ్మ ఒక్క రాత్రయినా బయట ఉండదు.

విచిత్రమేమంటే, హాస్టలు కోసం కరుణకంటే అమ్మకే తొందర. మధ్యాహ్నం అన్నం డబ్బా మూసీ మూయగానే కట్టుబడి దగ్గరికి వెళ్ళేది.

"కామాక్షయ్య గారూ, ఉప్పు ఇసకయితే కూరలో వేసుకోండి. గోడ ఎప్పుడు లేపుతారు?"

"ఇసక మార్పించినానమ్మా. సిమెంటు పర్మిట్టు రావాల."

"సిమెంటు వచ్చింది, ఇటుకలే రాలేదని గదా మొన్న చెప్పినారు?"

"ఇటుకలు వచ్చినాయి. అవి వచ్చేతలికి సిమెంటు గడ్డకట్టింది." కామాక్షయ్య తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు. "వచ్చే నెలకల్లా పైకప్పు వేసేస్తాం."

"ఏ సంవత్సరంలో వచ్చే నెల?"

"మీ పాపకు గది ఇచ్చిందాకా నన్ను నిద్రపోనియ్యరే!"

"ఇచ్చేసి హాయిగా పడుకోండి."

చుట్టూ కూలీలు నవ్వారు. కరుణకు మాత్రం ఎక్కడో చిన్న ముల్లు గుచ్చుకుంది. తనను వదిలించుకోవడానికి అమ్మకెందుకింత తొందర? ఆ సాయంత్రం అడిగేసింది.

"రోజూ ఈ బండిలో తిరగలేకుండా ఉండానమ్మే. నడుములు పడిపోతా ఉండాయి," అంది అమ్మ.

కరుణ జాలిపడింది. జాలి వెంబడే సంతోషమూ వచ్చింది. తను హాస్టల్లో చేరితే అమ్మ ఇంక ఈ బండెక్కడం మానేస్తుంది, అమ్మకూ విశ్రాంతే!

తర్వాత తుఫాను వచ్చింది. కప్పుకని తెచ్చిపెట్టిన చెక్కలు కొట్టుకుపోయాయి. మేస్త్రీ పెళ్ళికని వెళ్ళి పత్తా లేకుండాపోయాడు. తలుపులు వచ్చాయిగానీ ద్వారబంధాలకంటే జానెడు పొడుగు. ఇక ఆశ వదులుకున్నాక, యూనివర్సిటీ వాళ్ళు తనిఖీకి వస్తున్నారని కబురొచ్చింది. అంతే, రెండేళ్ళు లేవని గోడలు లేచి నిలబడ్డాయి. సున్నం ఆరకముందే రిబ్బను కట్టారు.

చేరే రోజు నాన్న స్టేషనుకు వచ్చి సామాను ఎక్కించాడు. రెండు పెట్టెలు, రెండు పరుపుచుట్టలు. అమ్మకు ఏదైనా అవసరానికి మించి సర్దే జబ్బుంది.

"ఇంటి సంగతి నేను చూసుకుంటాలే, మీరు పొండి," అన్నాడు నాన్న, బండి కదులుతుంటే.

గదిలో పచ్చి సున్నం వాసన. కిటికీ లోంచి సముద్రపు గాలి. రెండు మంచాలు. కరుణ కిటికీ పక్కది పట్టుకుంది. రెండోదానికి ఎవరొస్తారో! బాగా నవ్వే పిల్ల అయితే బాగుండు. రాత్రి దీపం ఆర్పాక గుసగుసలు చెప్పుకోవచ్చు. పానిపట్టు గొడవ ఉండదు.

అమ్మ పరుపులు విప్పి పరుస్తోంది. కొత్త మేట్రన్ గురవమ్మ తాళాలగుత్తి ఆడించుకుంటూ గుమ్మంలో నిలబడింది.

"ఇంక తల్లులంతా బయల్దేరాలమ్మా. మళ్ళీ సాయంత్రం బండి తప్పిపోతాది."

కరుణ మొహంలోకి కాస్త దిగులు తెచ్చిపెట్టుకుంది. వచ్చే నవ్వును పెదవి కింద నొక్కిపట్టి, "జాగ్రత్తగా పోయిరామ్మా," అంది.

అమ్మ రెండో మంచం మీద దుప్పటి ముడతలు సరిచేసి, చెప్పులు విప్పి మంచం కిందికి తోసి, "నేను యాడికి పొయ్యేది గురవమ్మ గారూ, నేనూ బి.ఏ. రెండో సంవత్సరమే, క్లాసులో ఈ పిల్ల వెనక బెంచీ!" అంది.