మాటకారితనం పద్దెనిమిది

"పాచిక తర్వాత. ముందు కాపలావాడితో ఏం చెబుతావో చెప్పు," అన్నాను.

చెల్లెలు పాచికను గుప్పిట్లో బిగించింది. "నా క్... కాగితం మీద మాటకారితనం పద్దెనిమిది ఉందిగా అన్నయ్యా."

"ఉంటే? ఆ మాటలు పైకి చెప్పాకే పాచిక. మనింటి రూలు."

ఈ కథల ఆట నడిపేది నేను. ఆడేవాళ్లు తలో పాత్ర ఎంచుకుని, దాని నేర్పులకు ఇరవైకి ఇన్నని మార్కులు కాగితం మీద రాసుకుంటారు. పాచిక మీద పెద్ద అంకె పడితే పాత్ర చేసే పని అయినట్టు. చెల్లెలు ఏరికోరి రాయబారిని ఎంచుకుంది. పావుగంటగా కోట తలుపు దగ్గరే ఉన్నాం. నాకు ఒళ్లు మండిపోతోంది.

"ద్... ద్వా..." ఆమె ఆగిపోయింది. "ఇందాక బావ పాత్ర కోటగోడ ఎక్కింది. బావని గ్... గోడెక్కి చూపించమన్నావా?"

మేడమెట్లకే ఆయాసపడే మా అక్క భర్త ఉలిక్కిపడ్డాడు. "మధ్యలో నన్నెందుకు లాగుతారు?"

"నీ నత్తి పోవాలనే పెట్టానే ఆ రూలు! నీ మంచికే!" అని అరిచాను.

"ఆఫీసులో అందరూ నా మంచికే మాట అందిస్తారు. బ్... బస్సులో కండక్టరూ అందిస్తాడు. ఇక్కడైనా నా మంచి చూడ్డం మానెయ్."

పెన్ను తీసి నా ఆట పుస్తకంలో ఆ రూలు కొట్టేశాను.

ఆమె పాచిక వేసింది. ఒకటి పడింది. కాపలావాడు రాయబారిని మెడపట్టి గెంటేశాడు.

"అయ్యో," అన్నాడు బావ.

చెల్లెలు పకపకా నవ్వింది. "పోనీ బావా! ఈసారి తప్పు ప్... పాచికది."