పరిగెత్తే పాత డిస్కు

పాత సామాన్ల కొట్టువాడు హార్డ్ డిస్కును చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూశాడు.

"బాగానే పనిచేస్తుంది సార్, తీసుకెళ్ళండి."

"పనిచేస్తే చాలదయ్యా, పరిగెత్తాలి," అన్నాడు ఓపికయ్య.

అసలు పేరు వేరే ఉంది. తన పాత కంప్యూటర్ ముందు ఆయన కూర్చునే తీరు చూసి జనం పెట్టిన పేరది.

"పరిగెత్తేది కావాలంటే కొత్తది కొనుక్కోండి. అగ్గిపెట్టెంత ఉంటుంది, రెప్ప వేసేలోపు తెరుచుకుంటుంది."

"కొత్తది పెడితే మా కంప్యూటర్ దాన్ని గుర్తుపట్టదు. పైగా పాత భాగం పోతే ఆ కాలం నాటి భాగమే వెయ్యాలి. అది రూలు."

"ఎవరు పెట్టారు సార్ ఆ రూలు?"

"వాడు దొరికితే నాకూ చూపించు," అన్నాడు ఓపికయ్య.

కొట్టువాడు ఆయన్ని ఎగాదిగా చూశాడు. పాత కంప్యూటర్ల పిచ్చివాళ్ళు వాడికి కొత్త కాదు. రూళ్ళు పెట్టుకుని మరీ పిచ్చి పట్టించుకున్నవాణ్ణి చూడ్డం మాత్రం ఇదే మొదలు.

ఓపికయ్య బాధ ఓపికయ్యది. సోమవారం జనం వస్తారు. స్విచ్చు నొక్కితే ఆ కంప్యూటర్ మూలిగి, దగ్గి, గరగరలాడి, తెర మీద నాలుగు అక్షరాలు చూపించేసరికి వచ్చినవాళ్ళకు కాళ్ళు పీకుతున్నాయి. మొన్నయితే ఒక పెద్దావిడ మొహం మీదే అనేసింది.

"ఇది తెరుచుకునేలోపు మా మనవడికి మీసాలొచ్చేలా ఉన్నాయి నాయనా."

చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. ఓపికయ్యకు తల కొట్టేసినట్టయింది. ఈ సోమవారం కూడా అది అలాగే నీలిగితే ఇక నవ్వి ఊరుకోరని ఆయన భయం.

"ఆ డబ్బా కోసం ఎండనపడి తిరుగుతారేంటండీ? పెళ్ళయిన కొత్తలో నా వెంట కూడా ఇంత తిరగలేదు," అంది భార్య.

"నీ వెనకాల అంతమంది జనం లేరు కదే," అన్నాడు నీరసంగా.

చివరికి కొట్టువాడే దారి చూపించాడు. పాత కంప్యూటర్ల సంఘం అధ్యక్షుడి దగ్గర ఒక డిస్కు ఉందట. ఆ కాలంలో దాన్ని మించి తిరిగే డిస్కే లేదట. ఓపికయ్య పరుగున వెళ్ళాడు. అధ్యక్షుడు బీరువా తెరిచి, మెత్తటి గుడ్డలో చుట్టిన డిస్కును పసిబిడ్డను చూపించినట్టు చూపించి, మళ్ళీ చుట్టేశాడు.

"ఎవరికి పడితే వాళ్ళకిచ్చేది కాదిది. ముందు మీ కంప్యూటర్ చూడాలి."

ఓపికయ్య గత్యంతరం లేక ఆదివారం మధ్యాహ్నం ఆయన్ని వెంటబెట్టుకెళ్ళి, కంప్యూటర్ ఉన్న గది వెనక గుమ్మం తాళం తీశాడు.

అధ్యక్షుడు గడప దగ్గరే ఆగిపోయాడు. పసుపెక్కిన కీబోర్డు. గుమ్మడికాయంత మానిటర్. రెండు అంచులా చిల్లులున్న కాగితాన్ని కరకరలాడించే ప్రింటర్. ఒక కాలు కింద అట్టముక్క దోపిన బల్ల. ఆయన చెప్పులు బయటే విప్పేసి లోపలికి వచ్చాడు.

"ఎలా పోగుచేశారండీ ఇవన్నీ?"

"పోగుచెయ్యలేదండీ. మొదట్నుంచీ ఇవే."

"గోడల రంగు కూడా అప్పటిదేనా?"

"మళ్ళీ వేస్తే ఒట్టు."

"ఆ మూల బూజు?"

"అదీ అప్పటిదే అయ్యుంటుంది."

అధ్యక్షుడికి కళ్ళనీళ్ళ పర్యంతమైంది.

"మేమంతా వస్తువులు దాచుకుని మురిసిపోతున్నాం. మీరు కాలాన్నే కదలకుండా కూర్చోబెట్టారు. మీకివ్వక ఇంకెవరికిస్తానండీ?"

డిస్కును రెండు చేతులతో అందించాడు. ఇకమీదట సంఘానికి మీరే అధ్యక్షులన్నాడు. ఓపికయ్య ఏదో చెప్పబోయి, చేతిలోని డిస్కు వైపు చూసుకుని, నోరు మూసుకున్నాడు.

పాత డిస్కులో ఉన్నదంతా దీంట్లోకి ఎక్కించేసరికి సాయంత్రమైంది. స్విచ్చు నొక్కాడు. మూలుగు లేదు, దగ్గు లేదు. కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకునేలోపు తెర వెలిగింది. ఇద్దరూ ఒకరినొకరు కావలించుకున్నారు. ఆ రాత్రి ఓపికయ్య చాన్నాళ్ళకు కంటినిండా నిద్రపోయాడు.

సోమవారం పొద్దున ఆ గది ముందువైపు కిటికీ తెరిచి, మెట్లు దిగి రోడ్డు దాకా సాగిన వరుసలో మొదట నిలబడ్డ మనిషిని ఓపికయ్య ధీమాగా అడిగాడు: "చెప్పండి, జనన ధ్రువపత్రమా, మరణ ధ్రువపత్రమా?"